ఏ ఫ్యాక్టరీ రీకండిషన్? కటింగ్ మిషన్ కొనే ముందు నాలుగు మాటలు

(సమాఖ్య వార్షిక మహాసభలో కొనుగోలు కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో నాకు ఇచ్చిన అంశం కుట్టు కేంద్రానికి కరెంటు కటింగ్ మిషన్ కొనడం. కొత్తది కొనాలా, రీకండిషన్‌ది కొనాలా అన్నది ప్రశ్న. ఇది ఒక్క మిషన్ సంగతి కదా, కమిటీనే తేల్చుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. కానీ ఈ మధ్య మన సంఘాల్లో వస్తున్న లోన్ అర్జీలు చూడండి. కొడుకు టైల్స్ పనికి పోతున్నడు, మార్బుల్ కట్టర్ కావాలె. మా ఆయన కిటికీలు, గేట్లు చేస్తడు, గ్రైండర్ కావాలె. మరిది సెంట్రింగ్ పనికి డ్రిల్లింగ్ మిషన్ కావాలె. పేరు మనది, సంతకం మనది, మిషన్ వాళ్లది. అందులో సగం మంది సెకండ్‌హ్యాండ్‌వి, రీకండిషన్‌వి తెస్తున్నారు. మిషన్ చచ్చినా కిస్తీ చావదు. అందుకే ఈ మాట అందరి ముందు మాట్లాడాలని కమిటీ అనుకుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మనకు వచ్చిన కొటేషన్‌లో "ఫ్యాక్టరీ రీకండిషన్డ్" అని ఉంది. ధర కొత్తదానికి దాదాపు సగం. ఫ్యాక్టరీ అనే మాట చూడగానే మనకు నమ్మకం కలుగుతుంది. జహీరాబాద్‌వాళ్లకు ఫ్యాక్టరీ అంటే తెలియనిది కాదు, పక్కనే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ బండి బయటికి రావాలంటే ఎన్ని చోట్ల చూసి, నడిపి, పాస్ చేయాలో మన పిల్లలే చెబుతారు. కొటేషన్‌లో ఉన్న ఫ్యాక్టరీ కూడా అలాంటిదే అనుకుంటాం. అది ఏ ఫ్యాక్టరీ? మిషన్‌ను తయారు చేసిన ఫ్యాక్టరీయా, లేక ఆ మిషన్‌ను పదేండ్లు వాడి పక్కన పడేసిన ఫ్యాక్టరీయా? ఆ రెండింటికీ ఉన్న తేడానే నేను చెప్పాలనుకున్నది.

అమెరికా లాంటి దేశాల్లో ఆ మాటకు ఒక ఖరారైన అర్థం ఉంది. అక్కడ దుకాణంలో కొన్న డ్రిల్లింగ్ మిషన్ నచ్చకపోతే వాపసు ఇచ్చేస్తారు. డబ్బా తెరిచినవి, రవాణాలో దెబ్బతిన్నవి, షోరూంలో చూపించడానికి పెట్టినవి, వారంటీలో రిపేరుకు వచ్చినవి, ఇవన్నీ తయారుచేసిన కంపెనీకే తిరిగి పోతాయి. కంపెనీ వాటిని విప్పి, అరిగిన భాగాలు తన సొంత స్పేర్లతో మార్చి, కొత్త మిషన్‌కు చేసే పరీక్షలు చేసి, రీకండిషన్డ్ అని ముద్ర వేసి తక్కువ ధరకు అమ్ముతుంది. దానికి కంపెనీ రాసిచ్చే వారంటీ ఉంటుంది. కొన్నిటికి ఏడాది, కొన్నిటికి మూడు నెలలే. వాడకం కొంచెమే, బాగుచేసింది చేసినవాడే. అలాంటిది దొరికితే కొనడానికి భయపడాల్సిన పనే లేదు.

మన దగ్గర ఆ పేరుతో వచ్చేవి ఎక్కువగా వేరే రకం. బెంగళూరు, తిరుప్పూర్ లాంటి చోట్ల రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలు పాత మిషన్లను లాట్‌గా అమ్మేస్తాయి. వ్యాపారి వాటిని తెచ్చి, కడిగి, రంగు వేసి, ఒకటో రెండో బేరింగులు మార్చి, పోయిన మోటరుకు వైండింగ్ చేయించి అమ్ముతాడు. అందులో మంచి మిస్త్రీలు చేసినవి ఉంటాయి, బలంగా నడుస్తాయి. కానీ వెనక నిలబడేది కంపెనీ కాదు, ఆ దుకాణం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో, జుమేరాత్ బజార్‌లో దొరికేవాటి వెనక ఆ దుకాణం కూడా ఉండదు. వచ్చే వారం అదే మనిషి అదే చోట కూర్చుంటాడన్న భరోసా కూడా లేదు.

అంగట్ల ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపిస్తాం, కాడి కట్టి చూస్తాం. దళారి రుమాలు కింద వేళ్లు ఎన్ని పట్టినా పళ్లు చూడకుండా పైసలు ఇచ్చేవాళ్లం కాదు. మిషన్ దగ్గరికి వచ్చేసరికి ఏమైతదో, రంగు చూసి పైసలు ఇచ్చేస్తాం.

ఇక మన కటింగ్ మిషన్ సంగతి. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు వచ్చింది. కుట్టుకూలి జతకు 50 రూపాయల నుంచి 75కు పెంచారు. బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి పనంతా ఎండాకాలంలోనే మీద పడుతుంది. కత్తెరతో నాలుగైదు మడతలు కోసేసరికి చేతివేళ్లు వాస్తాయి. నిలువు కత్తి మిషన్ అయితే గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన మార్కింగ్ గీసి, ఒక్కసారే పదుల పొరలు కోయవచ్చు. ఇది కొత్తగా వచ్చింది కాదు. అమెరికాలో బఫెలో అనే ఊర్లో ఈస్ట్‌మన్ కంపెనీ 1888లోనే ఇలాంటి కరెంటు కత్తి తెచ్చింది. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. ఈ రకం మిషన్‌లో బ్లేడు, సాన పట్టే పట్టీలు, కింది పళ్లెం రోలర్లు, బేరింగులు అన్నీ విడివిడిగా మార్చుకునేవే. కాబట్టి పాతదైనా సరిగ్గా బాగుచేస్తే చాలా ఏండ్లు పనిచేస్తుంది. రీకండిషన్ అనే మాటకు న్యాయం జరిగే మిషన్ ఇది. చేతిలో పట్టుకునే చిన్న మిషన్లు అట్ల కాదు. ఆ మాట తర్వాత చెప్తా.

కాబట్టి పాతది అనగానే వద్దనడం లేదు. పేరూ ఊరూ లేని కంపెనీ కొత్త మిషన్ కొని, రెండో నెలలో బ్లేడు పట్టీ దొరక్క మూలన పెట్టడం కన్నా, మంచి కంపెనీ పాత మిషన్ మేలు. కొత్తది అన్న మాట కూడా గ్యారంటీ కాదు.

చూడాల్సినవాటిలో మొదటిది కరెంటు. బట్టల ఫ్యాక్టరీల నుంచి వచ్చే కత్తి మిషన్లు చాలావరకు త్రీ ఫేజ్‌వి. ఫ్యాక్టరీలో ఆ లైన్ ఉంటుంది. మన కుట్టు కేంద్రంలో ఉన్నది సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. ధర సగం ఎందుకంటే ఒక్కోసారి కారణం ఇదే. త్రీ ఫేజ్ మిషన్ తెచ్చి కొత్త కనెక్షన్‌కో, మోటరు మార్చడానికో పెట్టే ఖర్చు కలిపితే కొత్త మిషన్ ధర దాటిపోతుంది. "కండెన్సర్ పెడితే నడుస్తది" అని ఎవరైనా అంటారు. నడుస్తుంది, కానీ బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది. గుడ్డ పొరలు మందంగా ఉన్నప్పుడు ఆగిపోతుంది. పేరు పలక మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఫేజులు అని ఉంటుంది. ఆ పలక లేకపోతే, లేదా గీకేసి ఉంటే, బేరం అక్కడికే ఆపాలి. విదేశం నుంచి చుట్టాలు పంపే మిషన్లకు కూడా ఇదే లెక్క. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మన సాకెట్‌లో పెడితే ఒక్క నిమిషంలో పొగ.

రెండోది మోటరు. నిలువు కత్తి మిషన్‌లో ఉండేది ఇండక్షన్ మోటరు, దాంట్లో కార్బన్లు ఉండవు. ప్లగ్గు తీసి చేత్తో తిప్పితే గరగర శబ్దం రాకుండా తిరగాలి. తర్వాత కరెంటు పెట్టి ఇరవై నిమిషాలు నడపాలి. ఖాళీగా నడపడం కాదు, గుడ్డ కోస్తూ నడపాలి. ఖాళీగా నడిచినప్పుడు అన్నీ మంచిగనే ఉంటయి. ఇరవై నిమిషాల తర్వాత మోటరు మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, కాలిన వార్నిష్ వాసన వస్తే వైండింగ్ అంతంతమాత్రం అని అర్థం. ఇది లోహపు బాడీ మిషన్, కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు ఉండి తీరాలి. చాలా పాత మిషన్లకు వైరు మార్చినప్పుడు రెండు పిన్నులు పెట్టి వదిలేస్తారు. మనవాళ్లకు చెమట చేతులు, కింద బండల నేల. ఎలక్ట్రీషియన్‌తో మెగ్గరు పెట్టించి చూపించుకోవాలి. ఆయన కూలికి వెనకాడొద్దు.

మూడోది బ్లేడు ముందర ఉండే వేలి గార్డు. అది కిందికి దిగాలి, గుడ్డ మందానికి తగ్గట్టు నిలవాలి. చాలా ఫ్యాక్టరీల్లో పని వేగంగా కావాలని దాన్ని తీసేస్తారు. ఆ మిషన్ అలాగే రీకండిషన్ అయి, అలాగే మన దగ్గరికి వస్తుంది. పదుల పొరల గుడ్డను కోసే కత్తికి వేలు ఒక పొర కూడా కాదు. గార్డు లేని మిషన్ ఎంత తక్కువకు ఇచ్చినా కమిటీ ఒప్పుకోదు. మిషన్‌తో పాటు గుడ్డ పట్టుకునే చేతికి స్టీలు జాలీ గ్లవుజు కూడా కొంటాం. అది కొత్తదే. దానికి సెకండ్‌హ్యాండ్ ముచ్చట లేదు.

ధర గురించి కమిటీలో చాలాసేపు వాదన జరిగింది. ఖజానా చూసే అక్క అన్న మాట మీకూ చెప్తా. "సగం పైసలు మిగుల్తయి గదా, ఆ పైసలు వేరే అక్కకు లోన్ ఇయ్యొచ్చు గదా" అన్నది. మంచి మాటే. అందుకని మేము లెక్క వేశాం. ఇవి అసలు ధరలు కావు, లెక్క కోసం అనుకున్నవి. కొత్త మిషన్ 20,000, రీకండిషన్‌ది 11,000 అనుకుందాం. మిగిలేది 9,000. కేంద్రంలో ఇరవై మంది, మనిషికి రోజుకు నాలుగు జతలు అనుకుంటే 80 జతలు. జతకు 75 లెక్కన రోజుకు 6,000 రూపాయల కూలి. మిషన్ ఆగిపోయిన మొదటి రోజు నష్టం తెలియదు, ముందురోజు కోసిపెట్టిన గుడ్డ ఉంటుంది. రెండో రోజు కత్తెరలు బయటికి వస్తాయి, సగం మంది కూర్చుంటారు. మిస్త్రీ హైదరాబాద్ నుంచి రావాలంటే వంద కిలోమీటర్లు. స్పేరు రాణీగంజ్‌లో దొరికితే మూడో రోజు, దొరకకపోతే వారం. మేలో సగం పని చొప్పున మూడు రోజులు ఆగితే ఆ 9,000 పోయినట్టే. అది సమాఖ్య ఖాతాలోంచి పోదు. కుట్టే అక్కల కూలిలోంచి పోతుంది. మిగులు సమాఖ్యకు, నష్టం వాళ్లకు అంటే అది న్యాయం కాదని కమిటీలో అందరం ఒప్పుకున్నాం. ఆ అక్క కూడా ఒప్పుకుంది.

అదే మిషన్ ఆగస్టులో ఆగితే ఇంత నష్టం లేదు. అందుకే ధర కన్నా ముందు రెండు ప్రశ్నలు. ఆగితే ఎన్ని రోజుల్లో నడుస్తుంది? బాగుచేసే మనిషి ఎక్కడ ఉన్నాడు? బీదర్‌లోనో సంగారెడ్డిలోనో ఉంటే ఒక లెక్క, బెంగళూరులో ఉంటే ఇంకో లెక్క.

కుట్టు మిషన్ల గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇదే వ్యాపారి జూకీ మిషన్లు కూడా చూపించాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాత పవర్ మిషన్లకు కింద బరువైన క్లచ్ మోటరు ఉంటుంది. స్విచ్ వేసిందంటే కుట్టినా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది, ఆ గుమ్మనే చప్పుడు మీరు వినే ఉంటారు. ఇప్పుడు వచ్చే సర్వో మోటరు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది. కరెంటు బిల్లులో తేడా బాగానే తెలుస్తుంది. మిషన్ తల పాతదైనా పర్వాలేదు, మోటరు మాత్రం సర్వోది పెట్టించి ఇమ్మని అడగండి.

ఇంట్లో మగవాళ్ల పనికి తీసుకునే చేతి మిషన్ల విషయంలో నా అభిప్రాయం వేరు. డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్, మార్బుల్ కట్టర్, వీటిలో కార్బన్లు, ఆర్మేచర్ ఉంటాయి. కార్బన్లు చవక, మార్చుకోవచ్చు. ఆర్మేచర్ కాలితే దాని ధర, మిస్త్రీ కూలి కలిపి మిషన్ ధరలో పెద్ద వాటానే అవుతుంది. అందుకే కంపెనీ కాగితం లేని రీకండిషన్ చేతి మిషన్‌కు లోన్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అయినా కొంటామంటే వెనక గాలి రంధ్రాల్లోంచి చూడమనండి. నడుస్తున్నప్పుడు చిన్న నీలం నిప్పురవ్వలు రావడం మామూలే. చుట్టూ నిప్పు రింగులాగా తిరిగితే ఆర్మేచర్ పోతున్నట్టు. స్క్రూల తలలు చెడిపోయి ఉంటే ఎన్నోసార్లు విప్పినట్టు. ప్లాస్టిక్ బాడీ మిషన్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే డబుల్ ఇన్సులేషన్ అని అర్థం, దానికి రెండు పిన్నుల ప్లగ్గు తప్పు కాదు. కానీ ఆ బాడీ పగిలి అతికించి ఉంటే ఆ గుర్తుకు విలువ లేదు.

గ్రైండర్ ఒక్కదాని గురించి గట్టిగా చెప్తున్నా. నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. అంగట్లో అమ్మే పాతవాటికి గార్డు ఉండదు. రాయి పగిలితే ముక్క ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. గార్డు లేని గ్రైండర్ ఇంటికి తెస్తే లోన్ తీసుకున్న అక్క మాట్లాడాలి. "ఆయన పని ఆయనకు తెలుసు" అని ఊరుకోవద్దు. సంతకం నీది, ఆ చెయ్యి కూడా నీ ఇంటిదే.

బ్యాటరీ మిషన్ అయితే మిషన్ రీకండిషన్ కావచ్చు, బ్యాటరీ మాత్రం కొత్తదై ఉండాలి. లిథియం బ్యాటరీ వాడకుండా పెట్టినా వయసు మీద పడుతుంది. ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. ఇంకో చిన్న ఆనవాలు ఉంది. హిటాచీ పేరుతో వచ్చే చేతి మిషన్ల బ్రాండు పేరును కంపెనీ 2018లో హైకోకి అని మార్చింది. ఇప్పుడు ఎవరైనా హిటాచీ డ్రిల్లింగ్ మిషన్ "కొత్త స్టాక్" అని చూపిస్తే, ఏ ఏడాది కొత్తదో అడగండి.

చివరగా కాగితం. పాత మిషన్ అమ్మడం తప్పు కాదు. పాతదాన్ని కొత్తది అని అమ్మడం తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. బాగుచేసిన, రీకండిషన్ చేసిన, వాడిన సరుకును కొత్తది అని చెప్పి అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి. వ్యాపారం కోసం కొన్న సరుకు ఈ చట్టం కిందికి రాదని కొందరు అంటారు. కానీ సొంతంగా పనిచేసి బతుకుదెరువు కోసం కొనుక్కున్న మనిషికి చట్టం మినహాయింపు ఇచ్చింది. మన అక్క తన పేరున కొనుక్కున్న కుట్టు మిషన్ అందులోకి వస్తుంది. సమాఖ్య పేరున కొన్నప్పుడు దీని మీద వాదనకు అవకాశం ఉంది కాబట్టి, మనం చట్టం కన్నా బిల్లు మీదే ఎక్కువ ఆధారపడాలి. ఎక్కడ కొన్నా, మనం ఉండే జిల్లాలోనే, అంటే సంగారెడ్డి వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. రెండేండ్ల లోపు వేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చెప్పవచ్చు.

ఇవన్నీ బిల్లు ఉంటేనే. తెల్ల కాగితం మీద రాసిచ్చిన చిట్టీ బిల్లు కాదు. జీఎస్టీ నంబరు, మిషన్ సీరియల్ నంబరు, రీకండిషన్డ్ అనే మాట, ఎవరు చేశారు, ఏయే భాగాలు మార్చారు, వారంటీ ఎన్ని నెలలు, రిపేరుకు మిషన్ మనం మోయాలా వాళ్లే వచ్చి తీసుకుపోతారా, ఇవన్నీ ఆ బిల్లు మీద ఉండాలి. "యాజ్ ఈజ్ వేర్ ఈజ్" అని రాసి ఉంటే, ఉన్నది ఉన్నట్టు తీసుకున్నారు, తర్వాత మాకు సంబంధం లేదు అని అర్థం. ఆ మాట ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో కింద ఉంటుంది. చదివిన పిల్లను వెంట తీసుకుపోండి.

కమిటీ సిఫారసు ఇది. ఈ కొటేషన్‌ను తోసేయడం లేదు, ఒప్పుకోవడమూ లేదు. మిషన్ సింగిల్ ఫేజ్‌ది అయి, పేరు పలక చెక్కుచెదరకుండా ఉండి, గార్డు ఉండి, కనీసం ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాసిచ్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆగితే రెండు రోజుల్లో బదులు మిషన్ ఇస్తామని ఒప్పుకుంటే తీసుకుందాం. వీటిలో ఒక్కటి లేకపోయినా, దగ్గరలో సర్వీసు ఉన్న కంపెనీది కొత్తదే కొందాం. పైసలు చాలకపోతే చిన్న సైజుది కొందాం.

వచ్చే వారం నలుగురం పోయి చూసి వస్తాం. ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు. యూనిఫాం గుడ్డ ఒక తాను మనమే పట్టుకుపోతాం, వాళ్ల దగ్గర ఉండే పల్చటి గుడ్డ మీద కోసి చూపిస్తే ఒప్పుకోం. ఆ నలుగురిలో ఇద్దరైనా రోజూ కత్తెర పట్టే అక్కలు ఉండాలి, ఆఫీసువాళ్లే పోతే కుదరదు. పేర్లు ఇప్పుడే చెప్పండి, మినిట్స్‌లో రాసుకుంటాం.